పైకి వాకిలి పెట్టిన గిజిగాడి గూడు

ఒట్టు, ఇందులో గోరంత కల్పన లేదు. అబద్ధమైతే నాకు మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి.

వాగు మీదికి వంగిన ఒకే ఒక్క ఈతచెట్టుకి లక్షన్నర గిజిగాడి గూళ్ళు వేలాడేవి. గిజిగాళ్ళలో ఓ ఆచారముంది. మగవాడు సగం గూడు అల్లి ఆగాలి. ఆడది వచ్చి ముక్కుతో పట్టి లాగి చూసి, సరేనంటేనే మిగతా సగం. కాదంటే ఎంత చక్కటి అల్లికైనా వాగుపాలే. పీచయ్య అనే గిజిగాడికి పెళ్ళాం గరికమ్మ చేతిలో అలా పదిహేడు గూళ్ళు పోయాయి.

ఒకనాడు నక్క వచ్చింది.

"అల్లుడూ, మీ గూళ్ళకి ఏడడవుల్లో పేరు తెస్తాను. కాకుల చేత వెయ్యి అల్లించా, చూడు!"

చూశాడు పీచయ్య. ఒక్కో గూడూ నున్నగా ఉంది, చుట్టూ పూలున్నాయి, వాకిలి మాత్రం ఆకాశంకేసి ఉంది.

"మామా, మా వాకిలి కిందికి కదా ఉండేది?"

"కిందికుంటే కొనేవాడికేం కనబడుతుందిరా? నువ్వు పక్కన నిలబడి, 'ఇది మా తాతలనాటి గూడే' అను చాలు. ఊరూరా మైనా చేత చాటిస్తా."

"గరికమ్మని ఓసారి లాగి చూడమంటా."

"పదిహేడు నచ్చనావిడకి ఇది నచ్చుతుందేమిట్రా?"

ఆ మాట ములుకులా దిగింది. పీచయ్య ఛాతీ పొంగించి, "మా తాతలనాటి గూడే!" అనేశాడు.

గూటికో గుడ్డు చొప్పున పావురాలు ఎగబడి కొన్నాయి. పాపం, నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చుకోవడం తప్ప వాటికి అల్లిక తెలీదు.

సంగతి విని గరికమ్మ రివ్వున వచ్చింది.

"ఏమయ్యా, ఆ మాట నువ్వే అన్నావా?"

"చూడ్డానికి బాగుందని..."

"పైన పటారం, లోన లొటారం! గూడు చూడ్డానికా, పిల్లల్ని దాచుకోడానికా? వాన పడకముందే వెళ్ళి నిజం చెప్పు."

"రేపు చెబుతాలేవే. మైనా ఇవాళే నా పేరు చాటడం మొదలెట్టింది."

వాన రేపటిదాకా ఆగలేదు. ఏనుగు తొండాలంత లావు ధారలు పడ్డాయి. వాకిలి పైకున్న గూళ్ళన్నీ కుండల్లా నిండాయి.

తెల్లారి ఓ తల్లి పావురం చలనం లేని పిల్లని తెచ్చి పీచయ్య ముందు పెట్టింది.

"నక్క చెబితే నమ్మేదాన్నా నాయనా? నువ్వు చెప్పావని నమ్మాను."

నక్కేమో, "గిజిగాళ్ళ పనితనమే అంత, నేనేం చేసేది?" అంటూ మైనాని వెంటేసుకుని మరో అడవికి పోయింది.

తర్వాత పీచయ్య ఆ తల్లి కోసం నెలరోజులు అల్లాడు. వాకిలి కిందికి పెట్టాడు, లోపల తడిమన్ను మెత్తాడు. పావురం దూరం నుంచే తల తిప్పుకుంది.

"వద్దు నాయనా. నా పుల్లలే నాకు చాలు."

ఆ ఏడు ఖాళీగా వేలాడిన గిజిగాడి గూడు అదొక్కటే.

మన ఇంటి గురించి పరాయివాడు ఆడిన అబద్ధం కడిగితే పోతుంది. మనమే ఔనన్నది పోదు.

సరే, నోరు వెళ్ళబెట్టింది చాలు. మబ్బు కమ్ముతోంది, డాబా మీద వడియాలు తీసుకురాపో!