ఇత్తడి పలక వెనక

ఒక రేవులో ఒక ముసలి యుద్ధ ఓడ ఉంది. దాన్ని విరగ్గొట్టాలా, బాగుచేయాలా అన్నది తేలలేదు.

ముసలిదంటే ముసలిదే, అందులో దాచేదేముంది? ఇంజను దగ్గుతోంది. స్తంభం మీది కళ్ళకు దూరం ఆనడం లేదు. అయినా తన ఇనుము మీద దానికి గట్టి నమ్మకం. "నా ఒళ్ళు ఆనాటి ఇనుము. ఈనాటి రేకు డబ్బాలతో నన్ను పోల్చకండి" అనేది. అనేది కాదు, అరిచేది.

పక్కనే కట్టిన పడుచు ఓడ నవ్వేది. "అరుచుకో మామ్మా, బాగా అరుచుకో. తుక్కువాడు వచ్చినప్పుడు ఆ గొంతు కూడా కాటాలో వేయిద్దాం."

ముసలి ఓడ ఆ మాట మరిచిపోలేదు. మరిచిపోయే రకం కాదది. ఎప్పుడో ఒక పడవ దారివ్వలేదని, ఆ పడవ మనవలతో కూడా మాట్లాడటం మానేసింది.

దాని పక్కటెముకల మీద ఒక ఇత్తడి పలక ఉంది. పాత యుద్ధం గెలిచి వచ్చిన నాడు పెద్దరాజు తన పేరు చెక్కించి బిగించిన పలక. అది ఉన్న ఓడే పండగనాడు వరసలో ముందు నిలబడాలి. రాజు దానికే దండం పెట్టాలి. రేవు కట్టుబాటు అది. నావికులు రోజూ పొద్దున్నే దాన్ని చింతపండుతో తోమేవారు. తోమి తోమి అద్దంలా చేశారు.

ఇప్పటి రాజు రేవుకు వచ్చాడు. "కొత్త ఓడ కట్టేదాకా శత్రువు ఆగడు. ఈ పాత ఒంట్లోనే కొత్త గుండె, కొత్త కళ్ళు పెడదాం. కానీ ఒళ్ళు గట్టిగా ఉంటేనే. లేకపోతే విరగ్గొట్టే తీరానికి పంపేయండి. సుత్తి ఏం చెబితే అదే తీర్పు" అన్నాడు.

ఓడను మరమ్మతు డాకులోకి తెచ్చి నీళ్ళు తోడేశారు. సుత్తి బయలుదేరింది. దాని పని ఒక్కటే. రేకు మీద కొడుతుంది. ఖంగుమంటే ఇనుము బతికుంది. మోగకపోతే లోపల తుప్పు తినేసింది. ఆ రేవులో ఏ ఓడ వయసైనా దానికి తెలుసు.

ముక్కు దగ్గర కొట్టింది. ఖంగుమంది. కడుపు కింద కొట్టింది. ఖంగుమంది. "విన్నావటే?" అని ముసలి ఓడ పడుచుదాని వైపు కేక వేసింది.

సుత్తి ఇత్తడి పలక దగ్గరికి వచ్చి ఆగింది.

"అక్కడ కాదు. అక్కడ ఎన్నడూ కొట్టలేదు. పేరు మీద దెబ్బ పడకూడదు" అంది ఓడ.

"తెలుసప్పా. ఎప్పుడూ పక్కనుంచి తప్పుకునే పోయాను. ఇప్పుడు తీర్పు చెప్పమన్నారు. చూడని చోటు గురించి ఏం చెప్పను?"

"మర్యాద మరిచావు."

"మర్యాద కోసమే ఇన్నాళ్ళూ కొట్టలేదు."

సుత్తి పలక అంచు పక్కన కొట్టింది. మోగలేదు. తడిగోడ మీద కొట్టినట్టు దబ్బుమంది.

"కావాలనే మెత్తగా కొట్టావు! నీకు నా మీద ఎప్పటి నుంచో కడుపుమంట" అంది ఓడ.

సుత్తి ఇంకోసారి కొట్టింది. ఈసారి రేకు లోపలికి పోయింది. తుప్పు పొరలు పొరలుగా రాలింది. చిల్లులోంచి ఎర్రటి నీళ్ళు కారాయి. ఆ నీళ్ళు చింతపులుసు వాసన కొట్టాయి.

ఈసారి పడుచు ఓడ కూడా నవ్వలేదు.

రాజు వంగి చూశాడు. "ఈ ఒక్క రేకే కదా. కోసి కొత్తది అతకొచ్చు. కానీ పలక తీయాలి. తీశాక మళ్ళీ నీకు పెట్టకూడదు, అతుకు రేకు మేకులకు ఆగదు. అంటే వరసలో ముందు చోటు పోతుంది, నా దండమూ పోతుంది. తీయకపోతే విరగ్గొట్టే తీరం. నీ ఇష్టం."

ముసలి ఓడ తన పక్కటెముకల వైపు చూసుకుంది. ఆ పలకను చూసే కదా రేవులో అందరూ తలవంచారు. అది లేకపోతే తానెవరని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

"తీయండి" అంది చివరికి. "వరసలో నిలబడటానికి కట్టారా నన్ను? తీసి, ఆ పడుచుదానికి పెట్టండి. ముచ్చట పడుతోంది."

పడుచు ఓడ నిజంగానే ముచ్చట పడింది. వద్దనలేదు.

కుళ్ళిన రేకు కోశారు. కొత్త రేకు అతికారు. సుత్తి కొట్టి చూస్తే పాత ఇనుమూ కొత్త ఇనుమూ ఒకే గొంతుతో మోగాయి. కొత్త ఇంజను కూర్చుంది. మొదట్లో అది "ఈ ముసలి ఇంట్లోనా నా కాపురం?" అని మూలిగింది గానీ, సముద్రం మీదికి పోయాక నోరు మూసుకుంది. అలలు ఎంత గుద్దినా ఆ ఒళ్ళు ఊగింది గానీ కిర్రుమనలేదు. స్తంభం మీది కొత్త కళ్ళు, పడుచుదానికి కనబడనంత దూరం చూశాయి.

పండగనాడు పలక ఉన్న పడుచు ఓడ వరసలో ముందు నిలబడింది. రాజు దండం పెట్టాడు. నావికులు చింతపండు నానబెట్టారు.

ముసలి ఓడ ఆ వరసలో లేదు. సరిహద్దు నీళ్ళకు బయలుదేరుతోంది. తాడు విప్పుతుంటే గట్టు మీదున్న సుత్తి అడిగింది. "పలక వెనక చింతపులుసు దిగుతుందని దానికి చెప్పావా అప్పా?"

"లేదు."

"చెప్పొచ్చు కదా."

"నాకెవరు చెప్పారు?" అంది ఓడ. తాడు లాక్కుని వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

ఆ మాట సుత్తిలో దిగబడిపోయింది.

మరుసటి ఏడు పడుచు ఓడ డాకులోకి వచ్చింది. సుత్తి ముక్కు దగ్గర కొట్టింది, కడుపు కింద కొట్టింది, ఇత్తడి పలక దగ్గరికి వచ్చింది.

"అక్కడ కాదు మావా, మర్యాద ఉండొద్దూ?" అన్నారు నావికులు.

సుత్తి ఎన్నడూ లేనంత ఎత్తుకు లేచింది.

పెద్దరాజు పేరు సొట్టపడింది. వెనక ఇనుము ఖంగుమంది.