రాణిగారి మొహం

పండూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. చిన్నీ, ఆ రంగుపెన్సిళ్ళు ఇటిచ్చెయ్, పక్కంతా పూస్తావు. గోడ మీద ఏనుగుని వేసినందుకు పొద్దున్న మీ అమ్మ కేకలేసింది కదూ? అందుకే ఇవాళ బొమ్మలు రాసేవాళ్ళ కథ చెబుతాను. మా నాయనమ్మ చెప్పింది నాకు. ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే కథ అలిగి మధ్యలో కూచుంటుంది.

అనగనగా, కొండకీ ఏటికీ మధ్య ఇరుక్కున్న ఒక ఊళ్ళో, లింగాచారి అని బొమ్మలు రాసే ఆయన ఉండేవాడు. తాత రాశాడు, తండ్రి రాశాడు, ఈయనా రాశాడు. బారెడు గుడ్డకి చింతగింజల జిగురు పట్టించి, దాని మీద దేవుళ్ళనీ రాజుల్నీ ఎంత బాగా రాసేవాడంటే, చూసినవాళ్ళు బొమ్మలో గుర్రం ఎక్కడ తంతుందోనని పక్కకి తప్పుకునేవాళ్ళుట.

ఆయనకి ఒక్కడే కొడుకు, సోమాచారి. మంచివాడే పాపం. రంగులు నూరడంలో అంతటివాడు లేడు. గీత గీస్తే మాత్రం ఆవు మేకలా వచ్చేది, మేక పిల్లిలా వచ్చేది. నవ్వకు పండూ, నీ ఆవు ఎలా ఉంటుందో నేను చూశాను. ఆ సోమాచారి పెళ్ళాం పేరిందేవి. కాపరానికొచ్చిన నాటి నుంచీ కూర తరుగుతూ చూసేది, బియ్యం ఏరుతూ చూసేది, మామగారి చెయ్యి ఎటు తిరిగితే ఈవిడ కళ్ళు అటు తిరిగేవి. అలా చూసి చూసే పని నేర్చేసుకుంది. కానీ ఆ ఇంట్లో ఆడవాళ్ళు చెట్లూ ఆకులూ రాయొచ్చు గానీ మొహాలు రాయకూడదు. బొమ్మకి కన్ను తెరవడం, అంటే చివరగా కంట్లో నల్లగుడ్డు దిద్దడం, మగాళ్ళ పనే అని కట్టుబాటు.

ఇలా ఉండగా లింగాచారి కళ్ళకి మసకలు కమ్మాయి. ఎవరికీ చెప్పలేదాయన. చెబితే ఇంకేముంది, పేరు పోతుంది. ఒకసారి పెళ్ళి ఊరేగింపు రాస్తూ గుర్రానికి ఐదు కాళ్ళు పెట్టేశాడు. పేరిందేవి అది చూసింది. మామగారు లేచి వెళ్ళాక ఆ ఐదో కాలిని చిన్న మొక్కగా మార్చేసింది. ఆయన మర్నాడు ఆ బొమ్మ దగ్గర కూచుని, మొక్క మీద వేలు ఆనించి, మళ్ళీ కుంచె తీసుకున్నాడుట. ఆయనా అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అలా ఏడాది గడిచింది. రోజూ భయమే. ఇవాళ ఎవరు కనిపెడతారో, రేపు ఎవరు కనిపెడతారో.

ఊ కొడుతున్నారా?

ఆ రాజ్యాన్నేలే రాజుకి కూతురి పెళ్ళి కుదిరింది. వాళ్ళింట్లో పెళ్ళికూతురు పెద్దల బొమ్మలకి మొక్కి పీటలెక్కాలి. రాజుగారి తండ్రి బొమ్మ ఉంది, తాత బొమ్మ ఉంది. తల్లి బొమ్మ మాత్రం లేదు. ఆ రోజుల్లో రాణుల మొహం బయటి మగాడు చూడకూడదు, ఇంక బొమ్మెవరు రాస్తారు? రాజుకి నాలుగో ఏడు నిండకుండానే ఆవిడ పోయింది. ఆయనకి తల్లి మొహమే గుర్తులేదు. కళ్ళు మూసుకుంటే ఏదో పసుపు వాసన వచ్చేదిట, అంతే.

అయితే లింగాచారి నలభై ఏళ్ళ నుంచీ ఒక ముచ్చట చెప్పుకుంటూ ఉండేవాడు. కుర్రతనంలో కోటలో గోడ మీద చిలకల్ని రాస్తోంటే పెద్దరాణిగారు అటు వచ్చిందనీ, ఆగిందనీ, చిలక ముక్కు ఇంకా ఎర్రగా ఉండాలందనీ, తను చూశాననీ. పెళ్ళిళ్ళలో చెప్పాడు, పేరంటాల్లో చెప్పాడు, చివరికి అది రాజుగారి చెవిన పడింది.

రాజు పిలిపించాడు. నలభై రోజుల్లో మా అమ్మ బొమ్మ కావాలన్నాడు. లింగాచారి తలాడించాడు. తలాడించాక రాజు ఇంకో మాటా అన్నాడు. ఆయన నవ్వే మనిషి కాదు, మాట కూడా రాయిలా ఉండేది.

"మా అమ్మ కాని మొహాన్ని మా అమ్మ అని నా ముందు పెట్టావో, ఇక మీ వంశంలో ఎవరూ కుంచె ముట్టడానికి వీల్లేదు. ఊరొదిలి పోవాలి."

ఇంటికొచ్చి లింగాచారి గుడ్డ ముందు కూచున్నాడు. ఒకరోజు అమావాస్య అన్నాడు, రాయలేదు. ఒకరోజు జిగురు ఆరలేదన్నాడు. ఒకరోజు ఎవరో తుమ్మారన్నాడు. తుమ్మింది సోమాచారే, రంగుపొడి ముక్కులోకి పోయి. పది రోజులు అలాగే అయ్యాయి. పదకొండో రోజు పేరిందేవి మజ్జిగ తీసుకెళ్ళి పక్కన పెట్టి, ఇంక ఉండబట్టలేక అడిగేసింది.

"మామయ్యా, మీ కళ్ళ సంగతి నాకు తెలుసు. మీరు చెప్పండి, నేను రాస్తాను. ఆవిడ మొహం ఎలా ఉంటుంది? కోలగానా, గుండ్రంగానా?"

ఆయన మజ్జిగ గ్లాసు పక్కకి జరిపేశాడు.

"నేను చూడలేదమ్మా."

"అదేంటి మామయ్యా?"

"రాణిగారు వస్తోందనగానే తల దించేశాను. ఎత్తితే తల తెగుతుందని భయం. పాదాలు చూశాను. పారాణి పెట్టుకుంది, రెండో వేలికి మట్టె కాస్త వదులుగా ఉంది. చిలక ముక్కు సంగతి అన్నది నిజమే. గొంతు విన్నాను. మొహం చూశానని ఒకసారి గొప్పకి చెప్పాను. చెప్పింది మళ్ళీ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది."

ఏం చేస్తుంది పేరిందేవి? తిడదామంటే మామగారు, ఏడుద్దామంటే టైము లేదు. కొంగు నడుముకి దోపుకుని బయల్దేరింది. ఆ రాణిని చూసిన ఆడవాళ్ళు ఎక్కడో ఒకళ్ళయినా మిగిలి ఉండరా అని.

పూలు కట్టే ముసలమ్మని అడిగింది. చామనఛాయ, పొడుగు మొహం అందావిడ. పూలావిడ చెప్పింది వంటావిడకి చెబితే, ఎవరన్నారు, పచ్చని పసిమి, గుండ్రటి మొహం అందావిడ. పూలావిడదీ వంటావిడదీ చీరలు ఉతికినావిడకి చెబితే, మొహం ఎవరు చూశారమ్మా, చీరకి పసుపు మరకలుండేవి అందావిడ. పూలావిడదీ వంటావిడదీ చీరలావిడదీ కలిపి గాజులావిడకి చెబితే, మణికట్టు సన్నం, గాజులు జారిపోయేవి అందావిడ. పాదాలు మామగారు చెప్పారు, చేతులు గాజులావిడ చెప్పింది, మొహం మాత్రం మూరెడు పొడుగూ అయింది, చక్రంలా గుండ్రమూ అయింది! పేరిందేవికి అన్నం సయించడం మానేసింది. కళ్ళు మూస్తే మొహం లేని రాణి వచ్చి నిలబడేది.

నిద్రపోయావా చిన్నీ? లేదా, సరే.

ఇక పన్నెండు రోజులే ఉన్నాయనగా, రాజుగారిని పెంచిన దాది అచ్చవ్వ ఏటి అవతల బతికే ఉందని తెలిసింది. పేరిందేవి పడవెక్కి వెళ్ళింది. అచ్చవ్వకి బ్రహ్మచెవుడు. రాణిగారి మొహం అంటే, గోనెడు గోధుమలా, ఇక్కడ పండవమ్మా అందిట. అరిచి అరిచి పేరిందేవి గొంతు పోయింది. చివరికి అర్థమయ్యాక ముసలావిడ ఆవిడ చెయ్యి పట్టుకుని అరుగు మీద కూచోబెట్టింది.

రాణిగారికి పై పన్ను కొంచెం విరిగిందిట. చిన్నప్పుడు పుట్టింట్లో చెరుకు కొరికి విరగ్గొట్టుకుంది. అందుకని నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేదిట. అది సరే, మొహం మాట ఏమిటవ్వా అని అరిచింది పేరిందేవి.

"మొహానికి నన్నెందుకే అడగడం? ఉన్నాడుగా నా రాజు! నవ్వాడంటే వాళ్ళమ్మ దిగొచ్చినట్టే. బొట్టు పెడితే ఆవిడే."

పేరిందేవికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ వెంటనే ముసలావిడే నిట్టూర్చింది. తల్లి పోయాక ఆ పిల్లాడు నవ్వగా తను చూడలేదట. ఎవరూ చూడలేదట.

ఇప్పుడు చెప్పండి, నవ్వని రాజుని నవ్వించేదెవరు? నవ్వించబోయి కోపం తెప్పిస్తే?

పేరిందేవి ఇంటికొచ్చి రాయడం మొదలెట్టింది. మామగారు చెప్పినట్టే పారాణి పాదాలు, వదులు మట్టె. గాజులావిడ చెప్పిన సన్నటి చేతులు. పసుపంటిన చీర. వెనక గోడ మీద చిలకలు. కుడిచెయ్యి మాత్రం పూర్తి చెయ్యలేదు, మొహం ముట్టుకోలేదు. మొహం చోట తెల్లటి సుద్ద, అంతే. దాన్ని చూస్తే సోమాచారికి వణుకు పుట్టేది. బండి కట్టనా, తెల్లారేలోపు పొలిమేర దాటేద్దాం అని రోజూ అడిగేవాడు. ముప్పై తొమ్మిదో రోజున పేరిందేవి కూడా సరే కట్టు అనేసింది, తెలుసా? అంత భయపడింది. రంగుల మూటలు బండిలో పెట్టారు. అప్పుడు లింగాచారి తడుముకుంటూ వచ్చి చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

"నా అబద్ధానికి మీరు పారిపోవడమేంటి? పదండి కోటకి. నేను చెప్పుకుంటాను."

నలభయ్యో రోజు. కోటంతా పెళ్ళి సందడి. స్తంభాలకి పట్టుబట్టలు చుట్టి, పూలదండలు కట్టారు. సభలో పేరిందేవి గుడ్డ విప్పింది. మొహం లేని రాణి! అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. రాజు కళ్ళెర్రబడ్డాయి. ఏమిటిది అన్నాడు.

అప్పుడు లింగాచారి ముందుకొచ్చాడు. సాష్టాంగపడ్డాడు. లేచి చేతులు జోడించి, తను చూసింది పాదాలేననీ, నలభై ఏళ్ళూ కోతలు కోశాననీ, ఇప్పుడు కళ్ళు కూడా లేవనీ, ఏడాది నుంచీ తన బొమ్మలు దిద్దుతున్నది కోడలేననీ, శిక్ష తనకే వెయ్యమనీ, పిల్లల కుంచె లాక్కోవద్దనీ, ఏడుస్తూ అంతా చెప్పుకున్నాడు. ఎవరితో? రాజుతో కాదు! పట్టుబట్ట చుట్టిన స్తంభంతో. మసక కళ్ళకి అదే రాజనుకున్నాడు పాపం.

 పేరిందేవి మామగారి భుజం పట్టి తిప్పుదామని అడుగేసేలోపే, ఆయన స్తంభానికి ఇంకా దగ్గరగా జరిగి బతిమాలాడు.

"అంత బిగుసుకుపోకండి ప్రభూ! తిట్టండి, కొట్టండి, ఒక్క మాట పలకండి!"

అంతే. ఎక్కడో కిసుక్కుమని చప్పుడయింది. అందరూ తిరిగి చూశారు. రాజు! మొదట ఆపుకోబోయాడు. ఆగలేదు. భుజాలు కదిలాయి, కళ్ళవెంట నీళ్ళొచ్చాయి, పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పేరిందేవి భయం మరిచిపోయింది. రాజని లేదు, సభ అని లేదు, గట్టిగా అరిచింది.

"దేవరా, అలాగే ఉండండి! కదలకండి!"

కింద కూచుని కుంచె తీసుకుంది. నవ్వితే సన్నబడే కళ్ళు, ఎడమ బుగ్గన సొట్ట, ఇంకొంచెం పల్చన చేసిన దవడ. నోటి మీంచి అప్పుడే కిందికి దిగుతున్న చెయ్యి, వేళ్ళ సందున తొంగిచూసే విరిగిన పన్ను. గీత ఎక్కడా వణకలేదు. చివరికి, ఆ ఇంట్లో ఏ ఆడదీ చెయ్యని పని, కన్ను తెరిచింది.

రాజు దగ్గరికొచ్చి చూశాడు. ఆ చెయ్యెందుకు అలా ఉంది అని మెల్లిగా అడిగాడు. పేరిందేవి చెరుకు సంగతి, పన్ను సంగతి చెప్పింది. రాజు తన పళ్ళు తడుముకున్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"నవ్వు రాబోతే నేనెందుకు నోరు మూసుకుంటానో నాకే తెలీదు ఇన్నాళ్ళూ," అన్నాడు.

అయినా నమ్మడమెలా? నేనన్నది గుర్తుంది, మా అమ్మ అవునో కాదో చెప్పేవాళ్ళు చెప్పాలి అన్నాడు. పల్లకీ పంపి అచ్చవ్వని రప్పించారు. ఆవిడ వచ్చేదాకా సోమాచారి లోపల నూటెనిమిది మొక్కులు మొక్కుకున్నాడు. అచ్చవ్వ వచ్చింది. బొమ్మ ముందు నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది. పెదవి విప్పదే!

ముసలావిడ ఇంకా దగ్గరికి వెళ్ళి, బొమ్మలో చీర కొంగుని వేళ్ళతో భుజం మీదకి సర్దబోయింది.

"పిల్లాడు ఇప్పుడే నిద్రపోయాడు తల్లీ, పాలు తాగి. నేను చూసుకుంటానులే. నువ్వూ కాసేపు నడుం వాల్చు."

పక్కనే నిలబడ్డ రాజు, తెల్ల వెంట్రుకలొచ్చిన రాజు, పసిపిల్లాడిలా ఆ ముసలిదాని భుజం మీద తల ఆనించి ఏడ్చాడు.

పెళ్ళికూతురు నాయనమ్మ బొమ్మకి మొక్కి పీటలెక్కింది. రాజు లింగాచారిని తిట్టలేదు, ఇంకోసారి చూడనిది చూశానని చెప్పకు అన్నాడంతే. లింగాచారి ఇంట్లో ఆ రోజు నుంచీ కట్టుబాటు మారింది. ఆయన అరుగు మీద కూచుని విన్నవీ కన్నవీ చెబుతాడు, సోమాచారి రంగులు నూరతాడు, పేరిందేవి రాసి కన్ను తెరుస్తుంది. అందరూ సుఖంగా ఉన్నారు.

కాబట్టి ఏం తెలిసింది? కోత కోస్తే కోశారు గానీ, తప్పయిందని చెప్పడానికి నలభై ఏళ్ళు ఆగకండి. చిన్నీ, రేపు మీ అమ్మని అడిగి ఆ గోడ నీకే ఇప్పిస్తాను, సరేనా? కథేమో కంచి దారి పట్టింది, మనమేమో కళ్ళు మూసుకుందాం.