నిండని గొంతు

పాపికొండల అడవిలో ఉడుతలు, దుప్పులు, ఉడుములతో పాటు కొమ్ముముక్కు పక్షులు కూడా ఉండేవి. ఈ పక్షుల పద్ధతి వింటే నోరెళ్లబెడతారు! గుడ్లు పెట్టే వేళకు తల్లి చెట్టు తొర్రలో దూరి, మట్టితో ద్వారం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత చీలిక మాత్రం ఉంచుతుంది. పిల్లలు పెద్దయ్యేదాకా తండ్రే తిండి తెచ్చి అందించాలి.

మద్దిచెట్టు తొర్రలో రేలమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. తండ్రి కొమ్మయ్య వాగు అవతలి జువ్విచెట్టు నుంచి ఒక్కొక్క పండే ముక్కున కరుచుకుని వచ్చేవాడు. పొద్దంతా తిరిగి రెక్కలు పడిపోయేవి గాని, పిల్లల ఆకలి తీరేది కాదు.

పక్క చెట్టు తొర్రలో కాపురమున్న మరో తండ్రి పక్షి బూదయ్యకు జాలేసింది. "తమ్ముడూ, పండుకో ప్రయాణమా! దేవుడు ఇంత గొంతు ఎందుకిచ్చాడు? అందులో కూడబెట్టుకుని ఒక్కసారే పట్టుకెళ్లు" అన్నాడు.

కొమ్మయ్య అలాగే చేశాడు. పిల్లల కడుపులు నిండాయి, అతనికి తీరికా దొరికింది. దాంతో గర్వం తలకెక్కింది. "గొంతు నిండందే నేను కదలను" అని అడవంతా చాటుకున్నాడు.

ఇంతలో ముసురు పట్టింది. పిల్లలు పస్తులున్నారు. వాన తెరిపిచ్చాక కొమ్మయ్య జువ్విచెట్టుకు పరుగెత్తాడు. పళ్లన్నీ రాలిపోయి అక్కడొకటి, ఇక్కడొకటి మిగిలాయి. మధ్యాహ్నానికి సగం గొంతే నిండింది.

"ఉన్నవి ఇచ్చేసి రా తమ్ముడూ. పసివాళ్లు ఎదురుచూస్తుంటారు" అన్నాడు బూదయ్య.

"సగం గొంతుతోనా? నలుగురూ నవ్వరూ!"

బూదయ్య తన నాలుగు పళ్లతోనే ఎగిరిపోయాడు. కొమ్మయ్య మాత్రం సాయంత్రం దాకా కొమ్మకొమ్మా వెతుకుతూనే ఉన్నాడు.

ఉన్నట్టుండి నెత్తిమీద గద్ద! కొమ్మయ్య కెవ్వుమని అరిచాడు. ఆ అరుపుతో గొంతులోని పళ్లన్నీ జలజలా కింది వాగులో పడి కొట్టుకుపోయాయి. ప్రాణం మాత్రం దక్కింది.

తొర్ర దగ్గర వాలాడు. చీలికలోంచి రేలమ్మ ముక్కు చాచింది. "తెచ్చావా?"

"ఇప్పటిదాకా ఉన్నాయి రేలమ్మా! నా గొంతులోనే ఉన్నాయి!"

"నీ గొంతులో ఉంటే వీళ్ల ఆకలి తీరుతుందటయ్యా?"

అప్పుడే బూదయ్య తన పిల్లలకు పెట్టగా మిగిలిన రెండు పళ్లు తెచ్చి ఇచ్చాడు. పెద్ద పిల్ల గబుక్కున మింగింది. చిన్నది నోరు తెరవలేదు. రేలమ్మ ముక్కుతో తట్టి చూసింది. అయినా తెరవలేదు.

కొమ్మయ్య కొయ్యబారిపోయాడు. రేలమ్మ రెండో పండును పెద్దదాని నోట్లో పెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు బూదయ్య పిల్లలందరూ మట్టి గోడ పగలగొట్టుకుని ఎగిరిపోయారు. కొమ్మయ్య తొర్రలోంచి ఒక్క పిల్లే బయటికొచ్చింది.

నీతి: కూడబెట్టి ఒక్కసారే చేరవేయడం తెలివే. కానీ వేళకు చేరనిది ఎంత కూడబెట్టినా లేనట్టే.