వెనక సీట్లో ఏసోబు

కోటాచారి మేస్త్రికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పడు. చేతిలో పని ఆపి, అడిగినవాడి మొహం ఒకసారి చూసి, మళ్ళీ పనిలో పడతాడు. జవాబు వారానికో నెలకో, షెడ్డులోకి వచ్చిన ఏదో ఒక బండి రూపంలో దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో కమాను కట్టల పని, అంటే బండి వెనక బరువు మోసే ఉక్కు పట్టీల పని, క్షుణ్ణంగా తెలిసినవాళ్ళలో ఆయన పెద్ద. డెబ్బై దాటాయి. కుడి భుజం పైకి లేవనని మొరాయిస్తోంది. దసరాకల్లా కొలిమి ఇంకొకరికి అప్పగించాలి. అప్పగించడానికి ఏసోబు తప్ప మరో మనిషి లేడు. ఆ ఏసోబుకి అప్పగించడానికే ఆయనకు మనసొప్పడం లేదు. ఈ సంగతి ఏసోబుకీ తెలుసు.

ఏసోబు ముప్పై నాలుగేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, పన్నెండేళ్ళుగా ఆయన శిష్యుడు. పనిలో వంక పెట్టడానికి లేదు. బండి కిందికి దూరి సుత్తితో ఒక్కసారి తట్టి, ఏ పట్టీ పగిలిందో చెప్పేస్తాడు. చిక్కల్లా ఆ చెప్పడంతోనే. నిజం తప్ప మాట్లాడడు, సరే, బాగానే ఉంది. ఆ నిజాన్ని ఇటుక విసిరినట్టు విసురుతాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని టీ కొట్టు రత్తమ్మ నెలకోసారైనా బుద్ధి చెబుతుంది. నేను మెకానిక్కుని, పురాణం చెప్పేవాణ్ణి కానని ఇతను ఎదురు చెబుతాడు. ఏసోబు చెయ్యి చూసి వచ్చిన గిరాకీ ఏసోబు మాట విని పోతుందని పక్క షెడ్లవాళ్ళు నవ్వుకునేవారు. ఆ నవ్వు అతనికి వినబడేది, లోపల మండేది కూడా.

ఒకనాడు ఉండబట్టలేక గురువునే అడిగాడు.

"గురువు గారూ, నేను చెప్పేదాంట్లో ఒక్క అబద్ధం ఉందా? మరి ఒకసారి వచ్చినవాడు రెండోసారి ఎందుకు రాడు?"

కోటాచారి అతని మొహం చూశాడు, మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆ వారంలోనే పట్టాభి గారు వచ్చారు. చక్కెర మిల్లులో కెమిస్టుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకు పాత కాంటెస్సా ఒకటుంది. పొడుగు ముక్కు, వెడల్పు భుజాలు. ఆ రోజుల్లో మన రోడ్ల మీద కండబలమున్న కారంటే అదేనని ఆయన నమ్మకం. దానికి ఆయన చేసే సేవ దేవుడికి కూడా చెయ్యరు. ఆవేళ డిక్కీలోంచి ఒక పెద్ద పార్సిలు దింపించి, పెళ్ళిచీర చూపించినట్టు అట్టలు ఒక్కొక్కటే విప్పారు. వెనక చక్రాలకు బిగించే కొత్త కమాను కట్టలు, షాకబ్జర్లు. పందెపు కార్లకు వేసే రకం. ఎర్రరంగుతో తళతళలాడుతున్నాయి. ఇవి వేస్తే నూట ముప్పైలో మలుపు తిరిగినా బండి చెక్కు చెదరదని, చదివిందంతా అప్పజెప్పారు.

ఏసోబు ఒక పట్టీ చేత్తో ఎత్తి చూశాడు, కింద పెట్టాడు. టీ తాగుతున్న నలుగురూ వింటుండగా అన్నాడు.

"మీరు నలభై దాటి ఎప్పుడు తోలారు సార్? ఇది మీకు పనికొచ్చే సామాను కాదు. వెనక్కి పంపేయండి."

అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ పట్టాభి గారి మొహం కందగడ్డలా అయిపోయింది. అట్టలు మళ్ళీ మూయడం మొదలుపెట్టారు. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసుల్లోకి చూశారు. అప్పుడు కోటాచారి లేచి వచ్చి, ఆ అట్టల మీద చెయ్యి వేసి, సామాను ఇక్కడే ఉండనివ్వండి, సాయంత్రానికి బిగించి ఉంచుతాం, రేపు ఉదయం ముగ్గురం కలిసి తోలి చూద్దాం అన్నాడు. ఏసోబుకి తల కొట్టేసినట్టయింది. పనికిరాదని తెలిసిన సామాను బిగించడం, మళ్ళీ ఊడదీయడం, గొడ్డుచాకిరీ కాకపోతే ఏమిటని గొణుక్కుంటూనే పని మాత్రం శుభ్రంగా చేశాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. పట్టాభి గారు స్టీరింగు పట్టుకున్నారు, కోటాచారి పక్కన కూర్చున్నాడు. ఏసోబుని వెనక సీట్లోకి ఎక్కించాడు. అతనికి అది అలవాటు లేని చోటు. బండి తోలి చూసే మెకానిక్కు ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చుంటాడు కదా. ఎక్కేముందు గురువు అతని చెవిలో ఒక్క మాట వేశాడు. పట్టాభి గారు అడిగితే తప్ప నోరు విప్పకూడదు.

కాలవగట్టు రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. గుంట పక్కన గుంట. ముందు సీట్లో ఇద్దరికీ అంతగా తెలియడం లేదుగాని, వెనక ఏసోబు అటకెక్కి దిగుతున్నాడు. రెండుసార్లు నెత్తి కప్పుకి కొట్టుకుంది, ఒకసారి నాలుక కరుచుకున్నాడు. రోడ్డు మీది ప్రతి రాయీ తిన్నగా వెన్నులోకే వస్తోంది. పట్టాభి గారు ముప్పై అయిదులో తోలుతూ కబుర్లలో పడ్డారు. పాతకార్ల వాళ్ళంతా కలిసినప్పుడు ఈ బండి వెనక భాగం కుంగి ఉండటం చూసి, ఇటుకల లోడు వేశారా అని ఒక కుర్రవాడు నవ్వాడట. ఆ రాత్రి తనకు నిద్రపట్టలేదట. నూట ముప్పై ఎవరికి కావాలండీ, నా బండి నలుగురిలో తలెత్తుకు నిలబడితే చాలు అన్నారు. ఆ మాటకు ఏసోబుకి నిన్నటి సంగతి గుర్తొచ్చింది. నలుగురిలో నవ్వులపాలైన మనిషిని నిన్న తను మళ్ళీ నలుగురిలోనే నిలబెట్టాడు. అతనికి నిజంగా సిగ్గేసింది.

ఆ వెంటనే వచ్చిన గుంటలో ఏసోబు ఎగిరిపడటం పట్టాభి గారు అద్దంలో చూశారు. బండి పక్కకు తీసి ఆపారు. ఆదివారాలు తన భార్య కూర్చునేది అక్కడేనని, ముందు కూర్చుంటే తన డ్రైవింగుకి పేర్లు పెడుతుందని తనే వెనక కూర్చోబెడతానని చెప్పి, కాస్త బెదురుగా అడిగారు.

"ఏసోబూ, ఎలా ఉందయ్యా అక్కడ?"

నిన్ననే చెప్పానుగా అన్న మాట ఏసోబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"మలుపులో బండి నేలని వదల్లేదు సార్. మీరు కోరుకున్న ఎత్తూ వచ్చింది. అమ్మగారు కూర్చునే చోటు మాత్రం ఇంకాస్త మెత్తగా ఉండాలి, అది నా నడుముకి తెలిసింది. ఎత్తు తగ్గకుండా మెత్తన తెచ్చే దారి ఉంది. చేసి చూపించమంటారా?"

పట్టాభి గారు అద్దంలోంచి అతన్నే చూస్తూ, చెయ్యవయ్యా, నీకంటే తెలిసినవాడెవడు అన్నారు.

షెడ్డుకి తిరిగొచ్చాక కొత్త షాకబ్జర్లు ఉంచి, కొత్త కమాను కట్టలు మాత్రం ఊడదీశాడు. పాత పట్టీలు విడదీసి కొలిమిలో కాల్చాడు. కుంగిపోయిన వంపు మళ్ళీ తెప్పించి, నూనెలో ముంచి, తగినంత వేడి మళ్ళీ పట్టించి తీశాడు. పట్టీల చివర నలిగిపోయిన రబ్బరు బుష్షులు మార్చాడు. కోటాచారి స్టూలు మీద కూర్చుని చూశాడే తప్ప ఒక్క సుత్తిదెబ్బకు కూడా అడ్డు చెప్పలేదు. మూడోనాడు మధ్యాహ్నం మళ్ళీ అదే గట్టు, అవే సీట్లు. వెళ్ళేటప్పుడు ఏసోబు సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు, వచ్చేటప్పుడు కునుకు తీశాడు. పట్టాభి గారు దిగి, నాలుగువైపుల నుంచీ బండి చూసుకుని, లేచి నిలబడ్డ దాని వెనక భాగాన్ని ఫోటో తీసుకుని, చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. కొత్త కట్టలు తనే వెనక్కి పంపిస్తానన్నారు. ఇకమీదట ఏం కావాలన్నా ఎవరికి ఫోన్ చెయ్యమంటారని కోటాచారిని అడిగారు. కోటాచారి తన నంబరు చెప్పలేదు. ఏసోబు నంబరు ఒక్కొక్క అంకే చెప్పి రాయించాడు. దసరాకి ఇంకా రెండు నెలలున్నాయి.

కాంటెస్సా వీధి మలుపు తిరిగేదాకా ఏసోబు చూస్తూ నిలబడ్డాడు. సంతోషంతో కళ్ళు చెమర్చాయి, అయినా లోపల ఒక ముల్లు కదులుతూనే ఉంది.

"మొదటిరోజు చెప్పిందీ, గట్టు మీద చెప్పిందీ ఒకటే కదా గురువు గారూ. అప్పుడు అట్టలు మూసుకున్న మనిషి తర్వాత ఎలా ఒప్పుకున్నాడు?"

కోటాచారి ఈసారి పనిలో పడలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఆ గట్టు మీద గుంటలూ అవేగా, మరి రెండోసారి నీకు కునుకెలా పట్టింది?" అన్నాడు.