తోడు లేని ఊరు

పూలకుర్తి రాజు సోమభూపతికి ఒకరోజు ఉన్నట్టుండి ఒక సరదా పుట్టింది. మనిషి ఎవరి సాయమూ లేకుండా ఎంతకాలం బతకగలడో తేల్చాలని.

ఆ సరదాకు కారణం తిప్పన. సభలో నలుగురినీ నవ్వించడం అతని కొలువు. అంతకు మించి ఏ పనీ అతనికి రాదు. ఆ ఉదయం ఉత్త తలతో సభకు వచ్చాడు.

"తలపాగా ఏదయ్యా?" అన్నాడు రాజు.

"మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది ప్రభూ. తల నాదే గానీ పాగా చుట్టే చేతులు ఆవిడవి."

సభ గొల్లున నవ్వింది. మంత్రి గుణనిధి మాత్రం నవ్వలేదు. నవ్వడం కన్నా నలుగురికీ పాఠం చెప్పడం ఆయనకు ఇష్టం.

"సిగ్గుచేటు మహారాజా! నా ఏలుబడిలోని ముంతలపేట చూడండి. చిన్న ఊరే. ఇంటింటికీ బావి, ఇంటింటికీ ఆవు, ఎవరి పెరట్లో వారి కూర. ఇరుగుపొరుగునైనా, పొరుగూరినైనా ఏదీ అడగకూడదు, అడిగినా ఇవ్వకూడదని మూడు నెలల కిందట దండోరా వేయించాను. ఇప్పుడక్కడ ఎవరికీ ఎవరితోనూ పనిలేదు. ఆ కట్టడి రాజ్యమంతా పెట్టాలని నా మనవి."

రాజుకు ముచ్చటేసింది.

"తిప్పనా, నువ్వు వెళ్లి మూడు రోజులు ఆ ఊళ్లో ఒంటరిగా ఉండు. నాలుగో రోజు మధ్యాహ్నం అక్కడి నీ ఇంటికే భోజనానికి వస్తాం. సొంతంగా బతకడానికి ఆ ఊరు పనికొస్తుందో లేదో అప్పుడు చెప్పు. పనికొస్తే నీకు ఏడాదిపాటు అక్కడే మకాం, ఒక్కడివే. పనికిరాదంటావా, ఒట్టి మాటలు చెల్లవు. లోపమేమిటో మాకు చూపించాలి."

తిప్పన బిక్కమొహంతో ముంతలపేటకు బయలుదేరాడు. తన వీపు తాను రుద్దుకోవడం కూడా రాని మనిషి, ఏడాది ఒంటరిగా ఎలా ఉంటాడు?

అక్కడ తనకిచ్చిన ఇంట్లో మొదటిరోజు నీళ్లు తోడబోతే చేద, తాడుతో సహా బావిలో పడింది. దాన్ని పైకి తీసేసరికి సాయంత్రమైంది. తాను కూడా దాని వెంట పడనందుకు తన తెలివిని తానే మెచ్చుకున్నాడు. రెండోరోజు అన్నం వండితే అడుగు మాడింది, పైన పలుకు మిగిలింది, నడుమ నాలుగు ముద్దలు దక్కాయి. పాలు పితకడానికి కూర్చుంటే ఆవు ఒక్క తన్ను తన్నింది. తర్వాత అతని వాలకం చూసి జాలిపడిందో ఏమో, చెంబెడు పాలిచ్చింది.

"ఊళ్లో లోపం వెతకడానికి వస్తే అన్నీ నాలోనే దొరుకుతున్నాయేమిటి!" అనుకున్నాడు తిప్పన. ఊరు చూస్తే బాగానే ఉంది. బావుల నిండా నీళ్లు, పందిళ్ల నిండా బీరకాయలు. ఏడాది మకాం ఖాయమనిపించి అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

మూడోరోజు సాయంత్రం పాలు కాచి దించాడు. తోడు వేయడానికి చుక్క పెరుగు లేదు. అలవాటు కొద్దీ గోడ మీంచి పక్కింటి పేరమ్మను కేకేశాడు.

"అవ్వా, ఇంత తోడుంటే పెడతావా?"

పేరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అడక్కు నాయనా, దండోరా ఉంది. అయినా నా దగ్గర మాత్రం ఎక్కడిది? ఆ మధ్య పిల్లి ముంత దొర్లించింది, దాంతో మా తోడు పోయింది. అవతలింట్లో బూజు పట్టి పారబోశారు. ఒకరినొకరు అడిగే వీల్లేదాయె. అలా ఒక్కో ఇల్లూ అయిపోయి, ఇప్పుడు ఊరు మొత్తంలో పెరుగు చుక్క లేదు. నిమ్మకాయ పిండి చూశాం, చింతపండు వేసి చూశాం. పాలు విరిగాయి గానీ పెరుగు కాలేదు. మజ్జిగ చుక్క తాగి నెలైంది, అన్నమే సయించడం లేదు."

ముసలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటుంటే తిప్పనకు జాలేసింది. అంతలోనే, రాజుకు చూపించాల్సిన లోపం దొరికిందని ప్రాణం లేచొచ్చింది కూడా. తన చేతకానితనం ఇంత పనికొస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

నాలుగో రోజు రాజు, గుణనిధి వచ్చి విస్తళ్ల ముందు కూర్చున్నారు. మాడిన అన్నం, ఉప్పు మరిచిన బీరకాయ కూర. రాజు మర్యాద కొద్దీ రెండు ముద్దలు మింగాడు.

"ఇక మజ్జిగ పొయ్యవయ్యా. మజ్జిగన్నం తినందే మాకు తిన్నట్టుండదు."

తిప్పన చేతులు కట్టుకున్నాడు. "లేదు ప్రభూ. పాలున్నాయి, ముంత ఉంది, నేనున్నాను. ముగ్గురం కలిసినా పెరుగు కాలేదు. తప్పు ముంతది కాదు, నాదే. ఎలా చేయాలో మంత్రిగారే సెలవివ్వాలి."

గుణనిధి మీసం దువ్వాడు.

"ఇది కూడా రాదటయ్యా? పాలు కాచు. గోరువెచ్చగా చల్లారనివ్వు. ఇంత తోడు వేసి కదపకుండా ఉంచు. తెల్లారేసరికి గడ్డపెరుగు!"

"తోడు లేదండీ."

"లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చు..."

అక్కడ నాలుక కరుచుకున్నాడు. అప్పటికే మాట జారిపోయింది.

"ఏ పక్కింటికి పొమ్మంటారు బాబూ?" అంది గోడవతల నుంచి పేరమ్మ. "తోడు లేక ఊరంతా నెల నుంచి అల్లాడుతుంటే!"

రాజు నవ్వు ఆపుకుంటూ తిప్పన వైపు తిరిగాడు. "మరి నీ తీర్పేమిటి?"

"ఊరు మంచిదే ప్రభూ, దండోరాదే తప్పు. నీళ్లయితే ఎవరికి వారు తోడుకోవచ్చు. పాలు మాత్రం తోడు లేనిదే తోడుకోవు."

రాజు విస్తరి ముందే పడీ పడీ నవ్వాడు. "దండోరా రద్దు! గుణనిధీ, నువ్వే ముంత పట్టుకుని పొరుగూరు వెళ్లి, ఇంటింటికీ సరిపడా తోడు అడిగి తీసుకురా" అని, తన మెడలోని పచ్చల హారం తీసి తిప్పన మెడలో వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"రాజధానికి దారి నాకు గుర్తులేదు ప్రభూ. ఇంటిదాకా నాకూ ఒక తోడు ఇప్పించండి."

రాజు మళ్లీ పకపకా నవ్వి, అతన్ని తన పల్లకీలోనే ఎక్కించుకున్నాడు.