ఈదమ్మ మూసిన మూడో చిల్లు

అనగనగా, వాగులు ఎటు పారాలో ఇంకా తేల్చుకోని కాలంలో, నల్లమల అంచున ఈదమ్మ అనే ముసలమ్మ ఉండేది. చిల్లులు మూయడం ఆమె పని. కుండ చిల్లు మూసేది, గాదె చిల్లు మూసేది, చాట చిల్లు మూసేది. ఎంత గట్టిగా మూసేదంటే, ఆమె అతుకేసిన కుండ కొండమీంచి దొర్లితే కొండకే సొట్ట పడేది!

క్షణం కుదురుండేది కాదు. తింటూ నడిచేది, నడుస్తూనే కునుకు తీసేది.

"కూసోవే ఈదమ్మా!" అనేవాళ్ళు ఇరుగుపొరుగు.

"కూసుంటే చిల్లులు మూసుకుంటయా?" అనేది.

ఒకనాడు కిన్నెర వాయించే చెన్నప్ప రొప్పుకుంటూ వచ్చాడు. కిన్నెరంటే తెలుసుగా? వెదురు కర్ర, దాని కింద మూడు సొరబుర్రలు, పైన తంతులు.

"అక్కా, కొంప మునిగింది! బుర్రల్ని ఎలుకలు కొరికినయి. రేపే జాతర. కిన్నెర పలికితేనే అమ్మవారి పల్లకి లేస్తది. పలకలేదా, పల్లకి నడిపించే మా తాతలనాటి మర్యాద పైఊరోళ్ళకు పోతది."

"ఏడుపాపి ఇటు తే. పో, నీ పని చూసుకో."

చెన్నప్ప వెళ్ళాక ఈదమ్మ తిప్పి చూసింది. మొదటి బుర్రకు చిల్లు. రెండో బుర్రకు చిల్లు. మూడో బుర్రకు అడుగున చిల్లు, గుండ్రంగా, నున్నగా.

"ఓయమ్మ! ఈ ఎలుక ఎంత పనిమంతురాలో!" అని ముచ్చటపడింది.

చింతగింజలు నూరి జిగురు కాచింది. పాత బుర్ర పెంకులు కోసి అతికింది. పైన తేనెమైనం పూసింది. మూడూ మూసేసింది.

జాతరలో చెన్నప్ప తంతి మీటాడు. డుబ్! మళ్ళీ మీటాడు. డుబ్! మూడోసారీ మీటాడు. దుప్పట్లో దగ్గినట్టు, డుబ్!

"చెన్నప్పా, అది కిన్నెరా, గుమ్మడికాయా?" పైఊరోళ్ళు పకపకా నవ్వి పల్లకి బొంగుల మీద చేతులేశారు.

చెన్నప్ప మూడో బుర్ర అడుగు తడిమి తెల్లబోయి, జనంలో ఉన్న ఈదమ్మ వైపు తిరిగాడు. "అక్కా, దీని నోరేదీ?"

"నోరా? ఎలుక కొరికింది గదా!"

"ఎలుక గాదు, పాట బయటికొచ్చేటందుకు మా తాత కోసిండు!"

ఈదమ్మ కిన్నెర లాక్కుంది. అతుకు ఊడబీకబోయింది. వస్తుందా? ఏడు ఏనుగులు లాగినా రాదు, ఈదమ్మ అతుకు మరి! కత్తిమొనతో కోయబోయింది. నిలబడి కోస్తే కత్తి జారింది. నడుస్తూ కోస్తే బుర్ర కిర్రుమంది. ఇంకొంచెం తొందరపడితే పగిలేదే. పుట్టి బుద్ధెరిగాక చిల్లు మూయడమే గానీ పెట్టడం ఎరగదు.

అప్పుడు కూర్చుంది.

బుర్రను ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డ గోరు తీసినట్టు గీసింది. "లేపుతున్నం!" అన్నారు పైఊరోళ్ళు. తల ఎత్తలేదు. "ఇగ లేపినట్టే!" అన్నారు. ఎత్తలేదు. చీమలు కాళ్ళెక్కినా కదలలేదు. గుండ్రటి పెంకు ఒళ్ళో రాలింది.

కిన్నెర పలికింది. ఎట్లా పలికిందంటే, ఎగిరే గద్దలు రెక్కలాడించడం మరిచి గాల్లోనే నిలబడిపోయాయి! పైఊరోళ్ళ చేతులు వాటంతటవే బొంగులొదిలాయి. చెన్నప్ప ముందు నడిచాడు. వెనక పల్లకి లేచింది.

ఈదమ్మ పోయాక, ఆమె సమాధి మీద ఒక సొరబుర్ర బోర్లించారు, గుండ్రటి నోరు కోసి. గాలి తగిలితే చాలు, ఊఁ ఊఁ అంటుంది. చచ్చినా కుదురు లేదు చూడండి!

ఇప్పటికీ అటువైపు కిన్నెర బాగుచేసేవాళ్ళు ముందు కూర్చుంటారు. ప్రతి బెజ్జం మీదా వేలు పెట్టి, "ఈదమ్మా, ఇది చిల్లా, నోరా?" అని అడుగుతారు. ఆ సంగతి తేలేదాకా జిగురు ముట్టరు.