లాగు తీగ నూతిని ఎందుకు తాకదు

నేను ఇదివరకెప్పుడూ ఏమీ రాయలేదు. ఉత్తరాలు కూడా వేరేవాళ్ళే రాసిపెట్టేవారు. మా చెల్లెలి కూతురు సువర్చల ఇంటర్ లెక్కల పుస్తకంలో లాగు గీత, అదే లాగరిథం గీత, అని ఒకటుంది. అది నిలువు గీత దగ్గరదాకా వెళ్తుంది గానీ తాకదు. "ఎందుకు పెద్దమ్మా?" అని నన్నడిగింది. నాకు తెలిసినట్టు, చిన్నపిల్లలకి చెప్పినట్టు రాస్తున్నాను.

ఒకప్పుడు తీగలకి హద్దంటూ లేదు. ఎటు బుద్ధి పుడితే అటు పాకేవి.

ఆ రోజుల్లో ఒక రాతినూతికి మూరెడు దూరంలో లాగు తీగ మొలిచింది. మంచి ఎండాకాలం. ఉన్నవి రెండే ఆకులు, రెండూ వాడిపోయాయి.

"నూతమ్మా, దాహంతో చచ్చిపోతున్నాను. నీ పక్కన వేరు దింపుకోనా?"

"అందరూ ఇలాగే అడుగుతారు," అంది నుయ్యి. "మొన్న రావిమొక్క చిటికెనవేలంత చోటే అడిగింది. ఆరు రాళ్ళు ఊడిపడ్డాయి. ఇంకొకటి ఊడితే నేను కూలిపోతాను."

"నేను తాకను."

"అదీ అలాగే అంది."

తీగ ఆలోచించింది. "పోనీ, మన మధ్య ఎంత ఎడం ఉంటే అందులో సగమే జరుగుతాను. జరిగినప్పుడల్లా ఒక మూర లోతుకి దిగుతాను."

నుయ్యి లెక్కేసుకుంది. మూరలో సగం అరమూర. అందులో సగం పావుమూర. పావులో సగం. దానిలో సగం. మధ్యాహ్నందాకా వేసినా ఎడం అయిపోలేదు.

"సరే. నా లోపలికీ, నాకు అవతలికీ మాత్రం తొంగి చూడకు. లోతు నీ ఇష్టం."

మూడో మూరలో చెమ్మ తగిలింది. ఆకులు లేచాయి.

ఇక పైకి లేద్దామనుకుంటే గాలి అడ్డొచ్చింది. "ఏమే, నిటారుగా లేచావంటే విరిచేస్తాను. నూతినుంచి నీ దూరం రెట్టింపు చేసుకున్నప్పుడల్లా ఒక మూర ఎక్కు."

రెండు మూరల దూరానికి ఒక మూర. నాలుగింటికి రెండు. ఎనిమిదింటికి మూడు.

"ఇలాగైతే ఎప్పటికి ఎక్కుతానూ?"

"ఆగమన్నానా? నిదానంగా ఎక్కమన్నాను," అంది గాలి.

మరుసటేడు ఎండలు ఇంకా ముదిరాయి. నీళ్ళు కిందికి దిగాయి, వెనకే వేరూ దిగింది. పదో మూరకి వేరుకీ నూతికీ మధ్యలో ఆవగింజ పట్టే ఎడం కూడా లేదు. ఇంకా నీళ్ళు అందలేదు.

అటుగా పోతున్న చీమ, "ఇంకెంతుందని? ఆ రాయికి ఆనుకుని తాగేయరాదూ! ఎవరు చూస్తారు?" అంది.

నుయ్యి ఊపిరి బిగబట్టింది.

వేరు ఆ ఉన్నదాంట్లో సగమే జరిగి, ఇంకో మూర దిగింది. నీళ్ళు దొరికాయి. రాయి ఒక్కటీ ఊడలేదు.

అప్పటినుంచే లాగు తీగ నూతికి ఇవతలే ఉంటుంది, నూతిని తాకదు. కిందికి దానికి అడుగు లేదు, పైకి కప్పు లేదు. నుయ్యి మూడు మూరలు జరిపి తవ్వితే హద్దూ మూడు మూరలు జరుగుతుంది. కాబట్టి సువర్చలా, ముందు నుయ్యి, అంటే ఆ నిలువు గీత, ఎక్కడుందో చూసుకో.

మర్నాడు పొద్దున ఇంతవరకు రాసిన కాగితం దాని సంచిలో పెట్టి, అది లేచి చదివేలోపే పాలకని బయటికి వెళ్ళిపోయాను. ఇంట్లో పాలున్నాయి.